నలభై మూడో చుక్క

ఫారానికి నలభై రూపాయలు.
పన్నెండు పేజీలు, నూటా ఆరు ప్రశ్నలు,
బండి పెట్రోలు నాదే.
మాగనూరు దాటినంక, నల్లరేగడి చెలకల మీద
మంచు ఇంకా లేవకముందే
మాళవ్వ మందకాడికి పోయి నిలబడ్డ.

"కూసో బిడ్డా" అని గొంగడి పరిచింది.
గుచ్చుకుంటది గొంగడి,
గుచ్చుకుంటనే వెచ్చగుంటది.

గొర్రెలెన్నవ్వా?
"లెక్కవెట్టొద్దు, దిష్టి తాకుతది."
గీత ఖాళీగ ఉంటే సారు సంతకం పెట్టడని
బతిమాలుకున్న.
కండ్లు మూసుకొని ఒక్కొక్కదాన్నే పిలిచింది.
బొల్లిది. మోటు చెవులది. కుంటిదాని బిడ్డ.
పోయినేడు వాగుల కొట్టుకపోయి
మూడో దినం తానే నడిచొచ్చినది.
అత్త పేరు పెట్టుకున్నది, అత్త లెక్కనే గొణుగుతదట.
ఏళ్ల కణుపుల మీద నేను పెట్టుకున్న లెక్క
అరవై కాడ తప్పింది.
అరవయ్యో, ఇంకొకటో.
అరవై ఒకటి అని రాసిన.
ఆ ఒక్కటి నేను ఈనిన గొర్రె.

మేత ఖర్చు?
"తుమ్మకాయ రాలితే తుమ్మచెట్టుకు పైసలిస్తరా?"
ఉన్ని మీద రాబడి?
నవ్వింది, పక్క పన్ను లేదు.
"కత్తిరించెటోనికి నేనే ఇయ్యాలె.
తెచ్చి కంపమీద పారేస్త.
పిట్టలు గూళ్లకు ఏరుకపోతయి."
సున్నా వేసిన.
సున్న గూడు లెక్కనే గుండ్రంగ వచ్చింది.

లారీల దిగిన తెల్ల గొర్రెల సంగతి అడిగిన.
"ఎత్తుగున్నయి, సక్కగున్నయి, కోతకు మంచియి.
మొదటి ముసురుకే నాలుకలు నీలమెక్కినయి.
మా కర్రెవి వానల తడిసి
దులుపుకొని మేస్తయి. అంతే తేడా."
ఎవుసపోళ్ల చేన్ల రాత్రిపూట మంద పండబెడితే
ఏమిస్తరని అడిగిన.
"జొన్నలు."
ఎన్ని?
"మనిషిని బట్టి."
మనిషిని బట్టి అన్నదానికి గడి దొరకలే.
పెన్ను కొసన నిలబడి నిలబడి
సిరా చుక్క పడ్డది కాయితం మీద.

ఎండ ఎక్కింది. అంబలి పోసింది.
"ఇంతగనం అడిగినవు, నేనొక్కటి అడుగుత.
మీ అమ్మకెన్ని మేకలుండె?"

నాలుగు.
నా డిగ్రీ ఫీజుకు రెండు, అక్క పురుడుకు ఒకటి.
మిగిలినదాన్ని ఎవలికి అప్పజెప్పి
పుణె బిల్డింగు పనికి బస్సెక్కిందో గుర్తులేదు.
వాటి పేర్లు?
ఒక్కటన్నా యాదికి రాలే.
అంబలి గిన్నె కింద పెట్టి
నూటా ఏడో ప్రశ్నకు
జవాబు తెల్వదు అని ఒప్పుకున్న.

రెండేండ్లకు రాజేంద్రనగర్ల, ఏసీ హాలు.
గోడమీద ఏటవాలు గీత,
దానికి అటిటు నూటాయిరవై చుక్కలు,
కరువేడు బతికిన పిల్లల లెక్క.
ఒక్క చుక్క మాత్రం
అందరికి దూరంగ, పైన,
తోడేలు కంటపడని గుట్టమీద నిలబడ్డట్టు.
"ఇది ఎంట్రీ తప్పు కావొచ్చు,
తీసేస్తే గీత నిటారుగొస్తది" అన్నరు పెద్దసారు.

వెనకవరుసల చాయ్ గ్లాసు పట్టుకొని లేచిన.
అది మాళవ్వ, సార్.
"ఎవరు?"
మాళవ్వ. మాగనూరు.
"సీరియల్ నంబరు చెప్పండి."

నలభై మూడు.

చుక్కని తీసెయ్యలే.
అచ్చయిన పుస్తకంల దాని పక్క ఒక నక్షత్రం గుర్తు,
అడుగున చీమతలకాయంత అక్షరాల
"కారణం తెలియరాలేదు."

కారణం నాకు కొంచెం తెలుసు,
నూటా ఆరు గడుల అవతల పోసిన అంబలంత.
ఇంకొకటి గూడ తెలుసు, ఎవలికీ చెప్పలే.
ఆ చుక్క లోపల, అరవై కర్రె గొర్రెల నడుమ,
పేరులేనిదొకటి
తల వంచుకొని మేస్తున్నది.